ఇంజను అమ్మకు, ముందు డ్రమ్ము పెట్టి చూడు

విజయనగరం

ఒరే అప్పన్నా,

నీ ఉత్తరం అందింది. రెండు సంగతులు అడిగావు. విశాఖలో కొండ కింద అంత ఆయిలు దాచారట కదా, బయట దేశాలు కొట్టుకుంటే మనకేటి భయం అన్నది ఒకటి. గెడ్డ (వాగు) మీదున్న డీజిలింజను అమ్మేసి సోలారు పెట్టించెయ్యనా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు చిన్నది, రెండోదానికి పెద్దది. కాగితాలు ఎక్కువైతే తిట్టుకోకు.

విశాఖలో దాచిన మాట నిజమే. 2015 నుంచీ ఆ రాతి గుహ వాడుకలో ఉంది. 13.3 లక్షల టన్నుల ముడి చమురు పడుతుంది. లోపల ఇనుప రేకూ లేదు, సిమెంటు తొట్టీ లేదు, ఒట్టి రాయి. మరి కారిపోదా అంటావు. నుయ్యి తవ్వితే చుట్టూ ఉన్న ఊట లోపలికొస్తుందే గానీ నూతిలో నీరు బయటికి పోదు కదా, కిటుకంతా అదే. గుహని భూగర్భ జలమట్టానికి బాగా కిందకి తవ్వుతారు. దాని నెత్తిన చిన్న సొరంగం వేసి, అందులోంచి వరసగా బోర్లు దింపి నీళ్ళు నింపి ఉంచుతారు. ఆ నీటి ఒత్తిడి ఆయిలు ఒత్తిడి కంటే ఎక్కువ. అందుకని రాతి పగుళ్ళలోంచి నీరే లోపలికి ఊరుతుంది, ఆయిలు కదలదు. అడుక్కి చేరిన నీటిని పంపులతో తోడేస్తారు.

ఇలాంటివే కర్ణాటకలో మంగళూరులో 15 లక్షల టన్నులకీ, పాదూరులో 25 లక్షల టన్నులకీ ఉన్నాయి. మూడూ నిండుగా ఉంటే, 2019-20 వాడకం లెక్కన దేశానికి తొమ్మిదిన్నర రోజులు సరిపోతుంది. ఆయిలు కంపెనీల ట్యాంకుల్లో ఉండేది కూడా కలుపుకుంటే రెండు నెలలు దాటుతుంది. గొడవొస్తే ఊపిరి తీసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది, అంతవరకే దాని పని. కొనే ఆయిలు మాత్రం దానివల్ల ఒక్క చుక్కా తగ్గదు.

కొనేది ఎంతంటే, మనం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్ళ పైనే బయటిది. వంట గ్యాసులో సగానికి మించి బయటిదే. ఆ గ్యాసు ఎక్కువగా, ముడి చమురులో చాలా భాగం గల్ఫ్ నుంచి, హోర్ముజ్ జలసంధి అనే ఇరుకు దారిలోంచి ఓడల్లో రావాలి. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగపడితే ధర నెలల్లోనే నాలుగింతలైంది. 1990లో ఇరాక్ కువైట్ మీద పడ్డాక మన దగ్గర డాలర్లు అడుగంటాయి. మరుసటేడు దేశం బంగారం కుదువ పెట్టడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటి.

పెట్రోల్లో ఇథనాలు కలుపుతున్నారు కదా అంటావేమో. కలుపుతున్నారు, 2025 నాటికి 20 శాతానికి తెచ్చారు. మంచిదే. టన్ను చెరకు రసం నుంచి 70 లీటర్ల దాకా, టన్ను మొక్కజొన్న నుంచి 380 లీటర్ల దాకా ఇథనాలు వస్తుంది. అయితే లీటరుకి లీటరు చూస్తే పెట్రోలు కంటే దానిలో శక్తి మూడోవంతు తక్కువ. పైగా అది కలిసేది పెట్రోల్లో. దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యేది డీజిలు. మొత్తం పెట్రోలియం సరుకులో అయిదింట రెండు వంతులు అదే. నీ ఇంజనుకీ, ట్రాక్టరుకీ, లారీలకీ ఇథనాలు ఊసే తగల్లేదు. (ఆమదాలవలస చక్కెర ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళయిపోయింది, మన వైపు చెరకు ఇథనాలు గురించి మాట్లాడేవాళ్ళు అది గుర్తుపెట్టుకుంటే బాగుణ్ణు.) అందుకే నన్నడిగితే లెక్క డీజిలు దగ్గర మొదలెట్టాలి, అందులోనూ ఊరికే పోతున్న డీజిలు దగ్గర.

ఇప్పుడు నీ ఇంజను సంగతి. అయిదు హెచ్‌పీ ఇంజను పూర్తి బరువు మీద గంటకి లీటరుకి అటూ ఇటూగా తాగుతుంది. తాగడం తప్పు కాదు, తాగినదానికి సరిపడా నీరు పోస్తోందా అన్నదే చూడాలి. ట్యాంకు అంచుదాకా నింపు. సరిగ్గా గంట నడిపి ఆపు. మళ్ళీ అంచుదాకా నింపడానికి ఎంత పట్టిందో కొలపాత్రతో చూసి రాసుకో. ఆ గంటలోనే డెలివరీ పైపు చివర 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్లో చూడు. మూడుసార్లు చూసి సగటు తియ్యి. మీ గెడ్డ నీటిమట్టం నుంచి కాలవ దాకా ఎత్తు, పైపుల రాపిడితో కలిపి పాతిక ముప్ఫై అడుగులుంటుందనుకుందాం. ఆరోగ్యంగా ఉన్న సెట్టయితే డ్రమ్ము పది పదమూడు సెకన్లలో నిండాలి. ఇరవై పడితే ఎక్కడో దొంగ ఉన్నాడు.

తేడా ఎంతో చూడు. పన్నెండు సెకన్లంటే గంటకి 60 వేల లీటర్లు. ఇరవై సెకన్లంటే 36 వేలే. ఎకరా మొక్కజొన్నకి రెండంగుళాల తడి పెట్టాలంటే సుమారు 2 లక్షల లీటర్లు కావాలి. మొదటి ఇంజను మూడు గంటల ఇరవై నిమిషాల్లో పెడుతుంది, రెండోది అయిదున్నర గంటలు లాగుతుంది. ఎకరాకి, ఒక్కో తడికి రెండు లీటర్ల పైగా డీజిలు గాలికి పోయినట్టే.

దొంగ సాధారణంగా ఇంజన్లో ఉండడు, పైపుల్లో ఉంటాడు. మెకానిక్కులు ముందు ఇంజను విప్పుతారు, నువ్వు ముందు ఫుట్‌వాల్వు (నీట్లో మునిగి ఉండే పైపు చివరి జల్లెడ వాల్వు) పైకి లాగు. జల్లెడ కన్నాల మొత్తం వైశాల్యం పైపు నోటికి మూడు నాలుగు రెట్లుండాలి. పాత పోత ఇనుము వాల్వుల్లో అంత ఉండదు, ఉన్నది కూడా గెడ్డలో నాచు పట్టి సగం మూసుకుంటుంది. వాల్వుని అడుగు బురదకి అడుగైనా ఎత్తులో, నీటిమట్టానికి రెండడుగులైనా లోతులో ఉంచు. పైకొస్తే సుడి తిరిగి గాలి పీలుస్తుంది, ఇంజను మోత మారిపోతుంది.

తర్వాత పైపు. మీ వైపు చాలామంది పంపు మూతి నాలుగంగుళాలున్నా, చవకని మూడంగుళాల పైపు తగిలిస్తారు. అంతే నీరు మూడంగుళాల పైపులో వెళ్తే రాపిడి నాలుగంగుళాల దానికి నాలుగింతలు. తుప్పు పట్టిన ఇనుప పైపైతే ఇంకా ఎక్కువ. నున్నటి పీవీసీ గట్టి పైపు వెయ్యి. మోచేతి వంపుల బదులు పొడుగు బెండ్లు పెట్టు. నీళ్ళు లాగే వైపు పైపు పంపు దాకా ఎక్కుతూనే ఉండాలి, మధ్యలో ఒంటె మూపురంలా లేస్తే అక్కడ గాలి చేరి కూర్చుంటుంది. పంపుని నీటికి దగ్గరగా దించు. నీటిమట్టం నుంచి పంపు దాకా ఇరవై అడుగులు మించితే నీరు లాగడానికే గింజుకుంటుంది.

ఇంకోటి, ఇది ఉచితంగా పోయే రోగం. పైపు చివర కాలవకి నాలుగడుగుల ఎత్తున పెట్టి నీళ్ళు దూకిస్తే చూడ్డానికి బాగుంటుంది. ముప్ఫై అడుగుల ఎత్తులో ఆ నాలుగు అడుగులంటే డీజిల్లో నూటికి పదమూడు పాళ్ళు. పైపు మూతి కాలవ నీటికి ఆనేలా దించెయ్యి.

అప్పుడు ఇంజను దగ్గరికి రా. నల్ల పొగ వస్తే గాలి ఫిల్టరు మూసుకుపోయిందనో, డీజిలు చిమ్మే నాజిలు పాడయిందనో, మోయలేని బరువు పడిందనో. నీలం పొగయితే ఇంజను ఆయిలు మండుతోంది, రింగులు అరిగాయి. ఇక చల్లబరిచే నీళ్ళు: చాలామంది చల్లటి నీటిని ధారగా వదిలేస్తారు, ఇంజను చల్లగా ఉంటే మంచిదని. అది తప్పు. జాకెట్ నీరు, అంటే సిలిండరు చుట్టూ తిరిగే నీరు, 60 డిగ్రీల దగ్గర బయటికి రావాలి, అంటే చెయ్యి పెడితే క్షణం కంటే ఆనించలేనంత. చల్లగా నడిస్తే డీజిలు సరిగా మండదు, లైనరు (సిలిండరు లోపలి గొట్టం) తొందరగా అరుగుతుంది. కాక్ తిప్పి నీరు తగ్గించు. బెల్టు వదులైతే జారుతుంది, పుల్లీ వేడెక్కి కాలిన వాసన కొడుతుంది. డీజిల్లో కిరసనాయిలు మాత్రం కలపకు. ఇంజను డీజిలు పంపుకీ నాజిలుకీ జిడ్డు చాలక అరిగిపోతాయి.

ఇవన్నీ చేశాక కూడా ఇంజను తీసెయ్యాలనిపిస్తే, మొదట చూడాల్సింది కరెంటు. వ్యవసాయ లైను పొలం పక్క నుంచి వెళ్తుంటే సర్వీసు తీసుకో, సోలారు అక్కర్లేదు. మన కరెంటు ఎక్కువగా స్వదేశీ బొగ్గుతో వస్తుంది, చమురు లెక్కలో అదీ మేలే.

లైను దూరమైతే సోలారు. అయిదు హెచ్‌పీ మోటారుకి 4,800 వాట్ల పలకలు కావాలి, అంటే 550 వాట్లవి తొమ్మిది. ముఖం దక్షిణానికి, వాలు మన అక్షాంశానికి తగ్గట్టు 18 డిగ్రీలు. అన్నీ వరసగా గొలుసు కట్టి ఉంటాయి గనక ఒక్క పలక మీద తాటిచెట్టు నీడ పడినా గొలుసంతా నీరసపడుతుంది. పొద్దుటా సాయంత్రం నీడ ఎక్కడ పడుతుందో స్తంభాలు పాతకముందే చూసుకో. సోలారు పంపులకి రాయితీ ఇచ్చే కుసుమ్ పథకంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం, మిగతా 40 రైతుది. మన రాష్ట్రంలో నెడ్‌క్యాప్ (సోలారు పథకాలు చూసే ప్రభుత్వ సంస్థ, ఇప్పటి పేరు ఎన్‌ఆర్‌ఈడీక్యాప్) వాళ్ళని అడగాలి.

సోలారు వాళ్ళు చెప్పనివి రెండున్నాయి. ఒకటి తుపాను. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఏం చేశాయో చూసినవాళ్ళం. స్తంభాల కింద కాంక్రీటు దిమ్మ కొలత ఎంతో, బోల్టులు తుప్పు పట్టని స్టీలువో కాదో, బీమా ఉందో లేదో రాతపూర్వకంగా అడుగు. వాలు మార్చే స్టాండయితే హెచ్చరిక రాగానే పలకల్ని బల్లపరుపుగా వంచి బిగించు. రెండోది, ఆకు పోసే నెలల్లో, ఊడ్పులప్పుడు ఆకాశం మూసుకుని ఉంటుంది, సోలారు నీరసంగా పోస్తుంది. రబీ మొక్కజొన్నకీ, వేసంగి పంటలకీ అది రాజు. అందుకే ఇంజను అమ్మకు. బండి మీద వేసుకుని ఏ గట్టుకైనా తీసుకెళ్ళగలిగేది అదే. నాగావళి పొంగితే పైకి లాక్కోగలిగేదీ అదే.

ట్రాక్టరు గురించి ఒక్క ముక్క. వరి కోశాక మొక్కజొన్న వేసేప్పుడు దున్నకుండా, తడి ఆరకముందే తాడు పట్టి కన్నాలు పొడిచి విత్తనం వెయ్యి. మన రెండు జిల్లాల్లో చాలామంది చేస్తున్నదే. దుక్కి డీజిలు మొత్తం మిగులుతుంది. దున్నక తప్పనిచోట వెనక చక్రానికి సుద్దతో గీత గీసి, నాగలి దించి పది చుట్లు పోనిచ్చి దూరం గుర్తుపెట్టు. నాగలి ఎత్తి అదే దూరం వెళ్ళు. ఎనిమిదిన్నర చుట్లు వస్తే జారుడు 15 శాతం, పర్వాలేదు. ఏడే వస్తే చక్రాల మీద బరువు చాలలేదు.

చెల్లెమ్మ గ్యాసు బండ గురించి రాసిందన్నావు. మీకు అయిదు పశువులున్నాయి గనక గోబర్ గ్యాసు చాలా తేలిక. ఇటుక గుమ్మటంతో కట్టే దీనబంధు నమూనా, రెండు ఘనపు మీటర్లది కట్టించండి. రోజూ 50 కిలోల పేడ, 50 లీటర్ల నీరు, గడ్డీ ఇసుకా లేకుండా కలిపి పొయ్యాలి. నిండుగా గ్యాసు వస్తే నెలకి 25 కిలోల వంట గ్యాసుతో సమానం, అంటే పెద్ద బండ ఒకటీ ముప్పాతిక. మొదటిసారి నింపడానికి రెండు టన్నుల పేడ పడుతుంది, గ్యాసు మొదలవడానికి రెండు మూడు వారాలు. మొదట వచ్చేది గాలి కలిసిన గ్యాసు, దాన్ని వెలిగించకుండా బయటికి వదిలెయ్యాలి. గుమ్మటం లోపలి పూత బాగోకపోతే వెంట్రుకంత పగులు చాలు, గ్యాసు నిలవదు. తాపీమేస్త్రి ఇదివరకు ఇవి కట్టినవాడై ఉండాలి, మామూలు ఇళ్ళు కట్టేవాడు పనికిరాడు. పైపు ఒకవైపుకి వాలుగా వేసి, దిగువన నీరు వదిలే తూము పెట్టాలి. లేకపోతే చెమ్మ చేరి మంట దూకుతుంది. కారుతోందేమో సబ్బు నురగతో చూడాలి, అగ్గిపుల్లతో కాదు. మామూలు పొయ్యి పనికిరాదు, జెట్ కన్నం పెద్దదైన గోబర్ గ్యాసు పొయ్యే కావాలి. పశువులశాలలో ఫినాయిలు కడిగిన నీళ్ళు అందులో పడితే సూక్ష్మజీవులు చచ్చి గ్యాసు ఆగిపోతుందని అత్తకి గట్టిగా చెప్పు. చలికాలం గ్యాసు తగ్గుతుంది, ఒక బండ ఇంట్లో ఉంచుకోండి.

ఇంక సోలారు ఎంతది కావాలో ఇప్పుడే తేల్చకు. ఫుట్‌వాల్వు కడిగి, పైపు మూతి దించి, డ్రమ్ము లెక్క ముందూ వెనకా తీసి రెండు అంకెలూ నాకు పంపు. దాంతోపాటు వేసవిలో గెడ్డ నీరు ఎంత లోతుకి దిగిపోతుందో కూడా రాయి. మూడు హెచ్‌పీ చాలొచ్చు.

నీ
సూరిబాబు