"బిడ్డకు విటమిన్ కె వేశారా?" అని అడిగిన సిస్టర్ గారికి, మరికొందరికి

మా మేనకోడలు ఇంటికి వచ్చేసింది. పాలు బాగానే తాగుతోంది, రాత్రిళ్లు ఇంటిల్లిపాదినీ మేలుకునేలా చేస్తోంది. ఫోను చేసి అడుగుతున్న బంధుమిత్రులందరికీ ఈ మాట చెప్పినట్టవుతుందని ఇక్కడ రాస్తున్నాను. అంతకన్నా ముఖ్యంగా, మాకు సాయం చేసి వెంటనే తమ పనిలో పడిపోయిన కొందరికి సరిగ్గా దండం కూడా పెట్టలేకపోయాం. పేర్లు రాయవద్దని వారే చెప్పారు కాబట్టి రాయడం లేదు.

చెల్లికి నెలలు నిండకుండానే, 34వ వారంలో నొప్పులు మొదలయ్యాయి. పాడేరు నుంచి విశాఖపట్నం తీసుకువెళ్లమన్నారు. 108 వాహనం ఘాట్ రోడ్డు దిగుతోంది. వంట్లమామిడి దాటాక, ఇక ఆగే వీలు లేదని టెక్నీషియన్ గారు చెప్పడంతో పైలట్ గారు బండిని ఒక పక్కకు తీసి ఆపారు. బిడ్డ అక్కడే పుట్టింది. టెక్నీషియన్ గారు బొడ్డు కట్టి, తడి తుడిచి, తల్లి గుండెల మీద పడుకోబెట్టి, దారి పొడవునా బిడ్డ ఊపిరిని కనిపెట్టుకుంటూనే వచ్చారు. మలుపు వచ్చినప్పుడల్లా ఒక చేయి తల్లిమీద, ఒక చేయి బిడ్డమీద. ఆయనకు మా కుటుంబం ఎన్నటికీ రుణపడి ఉంటుంది.

విశాఖలో ప్రభుత్వ ఆసుపత్రి పసిపిల్లల విభాగంలో బిడ్డను తూచారు. 1,850 గ్రాములు. అందరం ఊపిరి ఎలా ఉంది, పాలు పడతాయా అని అడుగుతుంటే, కాగితాలు రాస్తున్న సిస్టర్ గారు తలెత్తి, "బిడ్డకు విటమిన్ కె వేశారా?" అని అడిగారు. మాకెవరికీ తెలియదు. ఆమె 108 వాళ్లిచ్చిన కాగితాన్ని ముందూ వెనకా చూశారు. పుట్టిన సమయం ఉంది, బొడ్డు కట్టిన సంగతి ఉంది, ఈ సూది మాటే లేదు. రాయకపోయినా వేసే ఉంటారులే అనుకోలేదు ఆమె. ఆ టెక్నీషియన్ గారికే ఫోను చేసి, వేయలేదని ఆయన నోటివెంట విన్నాక ఫోను పెట్టేశారు. తరువాత చెల్లిని, మూర్ఛకు గానీ, క్షయకు గానీ మందులు వాడావా అని అడిగారు. తల్లి అలాంటి కొన్ని మందులు వాడి ఉంటే బిడ్డకు పుట్టిన మొదటి రోజే రక్తస్రావం కావచ్చట.

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను. పాఠంలో విటమిన్ల పట్టికలో కె చివరి వరుస; రక్తం గడ్డకట్టడానికి అని ఒక్క ముక్క ఉంటుంది. ఆ ఒక్క ముక్క వెనక ఇంత కథ ఉంది: కాలేయం తయారుచేసే, రక్తాన్ని గడ్డకట్టించే నాలుగు ప్రొటీన్లు పనిచేయాలంటే ఈ విటమిన్ కావాలి. తల్లి నుంచి మాయ గుండా బిడ్డకు చేరేది చాలా కొంచెం. మనకు కొంత తయారుచేసి పెట్టే పేగుల్లోని సూక్ష్మజీవులు పసిబిడ్డకు ఇంకా సరిగా ఏర్పడవు. నెలలు నిండని బిడ్డకైతే కాలేయమూ ఇంకా పచ్చిదే. పైగా యాంటీబయాటిక్స్ వాడాల్సి వస్తే ఆ కాస్త సూక్ష్మజీవులూ పోతాయి.

ఇదంతా సిస్టర్ గారు మా అమ్మకు నచ్చజెప్పిన తీరు చూడాలి. అమ్మకు సూది మాట వినగానే కోపం వచ్చింది. "బొటనవేలంత తొడ లేదు, దానికి సూదా? తల్లిపాలలో లేనిది మీ సీసాలో ఉందా అమ్మా?" అంది. సిస్టర్ గారు నవ్వి, "పాలు మానమనడం లేదు పెద్దమ్మా, పాలకు మించింది లేదు. ఈ విటమిన్ మాత్రం అందులో చాలా తక్కువ. అది ఇప్పుడు వేసేస్తే మీరు నిశ్చింతగా పాలే పట్టించండి" అన్నారు. అమ్మ మాట్లాడలేదు కానీ, బిడ్డ కాలు తనే పట్టుకుంది. సన్నని సూదితో, తొడ ముందువైపు బయటి పక్కన, 1 మిల్లీగ్రాము. కిలో కన్నా తక్కువ బరువున్న పిల్లలకైతే అందులో సగమేనట. మందు లోపలికి వెళ్లాక అక్కడ దూదితో కాసేపు అదిమి పట్టుకుని, కాగితం మీద సమయం వేసి సంతకం చేశారు.

మర్నాడు ఒక బంధువు ఫోనులో ఒక సందేశం పంపారు: ఈ సూది వేస్తే పిల్లలకు క్యాన్సర్ వస్తుందని. అభిమానంతోనే పంపారు, నిద్ర మాత్రం మాకు పట్టలేదు. రౌండ్లకు వచ్చిన డాక్టరు గారు విసుక్కోకుండా చెప్పారు. బ్రిటన్‌లో 1992లో వచ్చిన ఒక అధ్యయనం అలా అనుమానించిన మాట నిజమే, ఆ తరువాత చాలా పెద్ద సంఖ్యలో పిల్లలను పరిశీలించిన అధ్యయనాల్లో అలాంటి సంబంధమేదీ తేలలేదు. మన దేశంలోనూ ఆసుపత్రుల్లో పుట్టే ప్రతి బిడ్డకూ వేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వేయకపోతే వచ్చే ప్రమాదం అరుదే కానీ, వస్తే ముందుగా చెప్పి రాదు. ఆరోగ్యంగా పాలు తాగుతున్న నెల, నెలన్నర బిడ్డకు ఉన్నట్టుండి మెదడులో రక్తస్రావం అవుతుంది. మాడు ఉబ్బి, ఫిట్స్‌తో వస్తారు. "అప్పుడు మా చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు" అన్నారాయన. ఆ సందేశం పంపిన బంధువుకు ఈ పేరా ఎలాగూ చేరుతుంది.

దారిలో పుట్టిన బిడ్డ సంగతి ఇలాగే ఉంటుంది. పంపినవాళ్లు అక్కడ వేస్తారులే అనుకుంటారు, చేర్చుకున్నవాళ్లు వేసే పంపారులే అనుకుంటారు. ఎవరినీ తప్పుపట్టలేం. అందుకే అడిగిన మనిషి గొప్పతనం నాకు పెద్దగా కనిపిస్తోంది. మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో కాన్పు ఉంటే, డిశ్చార్జి కాగితంలో ఆ సూది వేసిన సంగతి రాసి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే నోరు విప్పి అడగండి.

మా ఊరి ఆశా కార్యకర్తకు కూడా నమస్కారం. 42 రోజులు నిండేదాకా వస్తానని చెప్పి, చెప్పినట్టే వస్తోంది. వచ్చిన ప్రతిసారీ ముందు బొడ్డు చూస్తుంది, రక్తపు చెమ్మ ఉందా అని. తరువాతే కుశలప్రశ్నలు.

చివరగా పైలట్ గారికి. ఆ రోజు మీరు చెల్లికి కప్పిన గళ్ల దుప్పటి మా దగ్గరే ఉండిపోయింది. ఉతికి, మడతపెట్టి ఉంచాం. ఇది మీ కంటపడితే ఏ స్టేషనులో ఉంటారో ఒక్క కబురు చేయండి, తెచ్చి ఇస్తాను. మా అమ్మ చేసిన అరిసెలు కూడా తెస్తాను, కాదనకండి.