గోపురం కూలితే పాపం చనిపోయినవాళ్లదా?

సంపాదకుడికి,

ఆ భవనం కూలిన వారంలోనే మీ ఆధ్యాత్మికం పేజీలో వచ్చిన వ్యాసానికి ఎవరైనా జవాబు రాస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఎవరూ రాయలేదు. శిథిలాల కింద పోయినవాళ్లు దేవుని ఉగ్రతకు గురయ్యారట! పైగా ‘కంటికి కన్ను’ అని వాక్యం కూడా చూపించారు. రాసినాయన బైబిల్ ఎక్కడ తెరిచారో గానీ, లూకా సువార్త 13వ అధ్యాయం దాకా మాత్రం వచ్చినట్టు లేదు.

అక్కడ ఉన్నది అచ్చం ఇదే సంగతి. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. యెరూషలేములో ఉన్న మిగతావాళ్లందరికంటే వాళ్లు పెద్ద అపరాధులనుకుంటున్నారా అని యేసే అడిగి, కాదని తనే చెప్పాడు. ఆ వెంటనే ‘మారుమనస్సు పొందకపోతే మీరందరూ అలాగే నశిస్తారు’ అన్న హెచ్చరికా ఉంది, దాచడమెందుకు? కాకపోతే అది ఎదురుగా నిలబడి వింటున్నవాళ్లకు. బైబిల్‌లో ఏ తప్పూ లేకుండానే కష్టాలపాలైన నీతిమంతుడు యోబు. ఆయన స్నేహితులు ముగ్గురూ మీ వ్యాసకర్తలాగే కష్టాన్ని చూసి పాపాన్ని లెక్కగట్టారు. చివరికి దేవుని కోపం రగిలింది వాళ్ల మీదే. ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు బలి ఇచ్చి, యోబు చేత ప్రార్థన చేయించుకుంటే గానీ బయటపడలేదు.

ఇక కంటికి కన్ను. అది న్యాయసభలో శిక్షకు పెట్టిన కొలత. ద్వితీయోపదేశకాండము 19లో అబద్ధసాక్షి విషయంలో అదే మాట వస్తుంది, అదీ న్యాయాధిపతులు బాగా విచారించాకే. నిర్గమకాండము 21లో ఆ మాట వెనకే, దాసుడి కన్ను పోగొట్టిన యజమాని వాణ్ని స్వతంత్రుణ్ని చేసి పంపాలని ఉంది. పన్ను రాలగొట్టినా అంతే. పగ తీర్చుకునే పని మనిషి చేతిలో లేదని అపొస్తలుడైన పౌలు రోమీయులకు రాసిన లేఖలో (12:19) తేల్చేశాడు. మరి దేవుడి తరఫున తీర్పు అచ్చువేసే పని మీ పత్రికకు ఎవరప్పగించారు?

అసలు మండేది ఇందుకు కాదు. దైవశిక్ష అనేస్తే కట్టినవాడికీ, కట్టనిచ్చినవాడికీ హాయి. ఆ హాయి బైబిల్‌లోని మోషే ధర్మశాస్త్రంలో లేదు. కొత్త ఇల్లు కడితే పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే పడిపోయినవాడి రక్తం ఆ ఇంటి మీద ఉంటుంది (ద్వితీయోపదేశకాండము 22:8). ఎద్దు ఉన్నట్టుండి పొడిచి మనిషి చనిపోతే ఎద్దుకే శిక్ష. అదే అది పొడిచే ఎద్దని ముందే చెప్పినా కట్టెయ్యకపోతే యజమానికీ మరణశిక్షే (నిర్గమకాండము 21:29). ఈ భవనం గురించి ఎన్ని ఫిర్యాదులు వెళ్లాయో మీ పత్రికే రాసింది కదా!

అదే ధర్మశాస్త్రం ప్రకారం, హంతకుడెవరో తెలియని శవం పొలంలో దొరికితే, పెద్దలూ న్యాయాధిపతులూ వచ్చి చుట్టూ ఉన్న ఊళ్లకు దూరం కొలవాలి. దగ్గరి ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను ఏటి లోయకు తీసుకెళ్లి, దాని మెడ విరగదీసి, చేతులు కడుక్కుని, ఈ రక్తం మేము చిందించలేదని దేవుని ఎదుట చెప్పాలి. మన అధికారులూ కొలుస్తారు లెండి, అది పక్క శాఖ పరిధిలోకి వచ్చేదాకా! చేతులు కడుక్కోవడం ఒక్కటే వాళ్లకు బాగా వచ్చు.

ఒకప్పుడు ఇలాంటి పేజీకి వాక్యం తెలిసినవాళ్లు చూశాకే రాతప్రతి అచ్చుకు వెళ్లేది. ఇప్పుడు వచనం సంఖ్య సరిచూసే దిక్కు కూడా ఉన్నట్టు లేదు.

వ్యాసానికి అరపేజీ ఇచ్చారు. లూకా 13లో మొదటి ఐదు వచనాలకు అంత జాగా అక్కర్లేదు, అదే పేజీలో వేయండి. ఆ భవనానికి అనుమతి ఇచ్చిందెవరో కూడా మొదటి పేజీలో రాయండి.

— ఒక పాఠకుడు