వీపు మాత్రమే కనిపించే కొడుకు

సంపాదకుల వారికి, నమస్కారం.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి పంపిన గ్రీటింగ్ కార్డు మీద అమెరికన్ చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ వేసిన బొమ్మ ఉంది. 'శాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్' పత్రికకు 1948 డిసెంబరు 25 నాటి ముఖచిత్రం అది. క్రిస్మస్‌కి ఇల్లు చేరిన కొడుకు మనకు వీపు వైపు నుంచే కనిపిస్తాడు. తల్లి వాడిని గట్టిగా వాటేసుకుంది. చుట్టూ నవ్వు ముఖాలే. ఆ తల్లీకొడుకులు రాక్‌వెల్ భార్య, పెద్దబ్బాయి. నోట్లో పైపుతో ఆయనా ఉన్నారు. ఆ గుంపులో బామ్మలా ఉన్నావిడ చిత్రకారిణి గ్రాండ్మా మోజెస్!

ఆయన బొమ్మల్లో అంతా తీపేనని కొందరు తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. నల్లజాతి చిన్నారి రూబీ బ్రిడ్జెస్ మార్షల్స్ (కేంద్ర ప్రభుత్వ రక్షణాధికారులు) కాపలాతో తెల్లపిల్లల బడికి నడిచి వెళ్లడాన్ని 1964లో 'లుక్' పత్రికకు వేసిందీ ఆయనే. అయినా రెండేళ్ల తర్వాత ఇంటికొచ్చిన మా అమ్మాయిని గుమ్మంలోనే పట్టుకుని ఏడ్చిన నాకు ఈ కార్డులో అబద్ధమేమీ కనిపించలేదు.

దయచేసి ఈ సంక్రాంతికైనా మీ ఆదివారం అనుబంధం అట్ట మీద ఫొటో కాకుండా, ఒక చిత్రకారుడి చేత బొమ్మ వేయించండి. వడ్డాది పాపయ్య గారు వేసిన 'చందమామ' అట్టలు మా ట్రంకు పెట్టెలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

– ఒక పాఠకురాలు, తెనాలి