గాలివాన వెలిసిన రోజు తీసిన ఫోటోకు విలువివ్వండి: అనంతపురం జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా,

ఏప్రిల్, మే నెలల గాలివానకు పుట్లూరు, యల్లనూరు, నార్పల మండలాల్లో అరటి ఎలా నేలకొరుగుతుందో మీకు తెలియనిది కాదు. పంట నష్టం లెక్క రాసుకునేవాళ్లు వచ్చేదాకా రైతు తోట జోలికి పోడు. తీసేస్తే సాక్ష్యం పోతుంది, తీయకపోతే పడిన చెట్ల కింద పిలకలు నలుగుతాయి. అందుకే వాన వెలిసిన రోజు రైతు ఫోన్లో తీసిన ఫోటోను లెక్కలోకి తీసుకునేలా ఆదేశం ఇవ్వమని అడుగుతున్నాం. ఎలా తీయాలో కూడా ఆదేశంలోనే రాయించండి, లేకపోతే పనికిరాని బొమ్మలే కుప్పపడతాయి.

కెమెరా తెరిచిన వెంటనే ఫోన్ చూపే లొకేషన్‌ను నమ్మకూడదు. ఆకాశం బాగా కనబడేచోట ఒక నిమిషం ఆగాలి. ఆగినా కొన్ని మీటర్ల తేడా ఉంటుంది కాబట్టి గట్టు మీద నిలబడి తీస్తే పక్క రైతు సర్వే నంబరులో పడొచ్చు. పదిహేను అంగలు లోపలికి నడిచి తీయాలి. ఆ ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అందులోని తేదీ, లొకేషన్ వివరాలు ఊడిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే నిలుస్తాయి. అసలు ఫోటో రైతు ఫోన్లోనే ఉండాలి.

ఆరడుగుల ఎడంతో నాటిన అరటి ఎకరాకు 1,210 చెట్లు. నష్టం 33 శాతం దాటితేనే సాయం అంటున్నారు, అంటే 400 చెట్ల దగ్గర రైతు బతుకు తేలుతుంది. దాన్ని ఒక్క ఫోటో చెప్పలేదు. చెట్లన్నీ గాలి తోసిన వైపుకే పడతాయి, ఆ వాలుకు ఎదురుగా నిలబడి తీస్తే ఒకదాని వెనక ఒకటి దాక్కుంటాయి. అడ్డంగా నిలబడి, ఫోన్ను కర్రకు కట్టి ఎత్తి, సాలు తర్వాత సాలు తీయాలి. సగం విరిగి నిలబడిన చెట్టుకు విరిగినచోట దగ్గరి ఫోటో వేరే కావాలి. లేకపోతే అది దూరానికి బాగున్న చెట్టులాగే కనబడుతుంది, గెల మాత్రం పక్వానికి రాదు.

వడగళ్లు మన ఎండలకు నిమిషాల్లో కరిగిపోతాయి. రూపాయి బిళ్ల పక్కన పెట్టి వెంటనే తీయాలి. చీనీకి (బత్తాయికి) తొలిరోజు దెబ్బ సరిగా కనబడదు. గాయమైన కాయ రోజులు గడిచాక కుళ్లి రాలుతుంది. కొమ్మకు గుడ్డ పీలిక కట్టి, అదే కొమ్మను ఐదో రోజు మళ్లీ తీయాలి. ఈ రెండో ఫోటోకు గడువు ఇవ్వకపోతే చీనీ రైతుకు న్యాయం జరగదు.

తొందరలో ప్రాణం పోకూడదు. చివరి ఉరుము వినబడ్డాక అరగంట దాటనిదే తోటలోకి పోవద్దని, తెగిన కరెంటు తీగ కనబడితే దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయమని ఆదేశంలో మొదటి వాక్యంగానే రాయించండి.

రైతు సేవా కేంద్రంలో ఫోటోలు ఇచ్చిన రోజే తేదీ వేసి రసీదు ఇప్పించండి. ఆ రసీదు చేతిలో ఉంటే మర్నాడే తోట శుభ్రం చేసుకోవచ్చని రాతపూర్వకంగా చెప్పండి.

ఇట్లు,
అనంతపురం జిల్లా తోటల రైతులు, ఫోటోగ్రాఫర్లు