వాల్వు యాంప్లిఫయరుకు ఏ స్పీకరు?

సంపాదకులకు నమస్కారం.

ఇంటి ఆడియో గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు వాల్వు యాంప్లిఫయర్ల (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు గొట్టాల్లాంటి వాల్వులతో పనిచేసేవాటి) నాదాన్ని మెచ్చుకుంటాయి కానీ, వాటికి ఎలాంటి స్పీకర్లు తగుతాయో చెప్పకుండానే ముగుస్తాయి. వేలకు వేలు పోసి కొన్నవారికి తీరా పాట పేలవంగా వినిపిస్తే నింద వాల్వుల మీద పడుతోంది. చాలాసార్లు లోపం జోడీ కుదర్చడంలోనే ఉంటుంది.

1938లో వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థ తెచ్చిన 300బి వాల్వుతో చేసే సింగిల్ ఎండెడ్ (ధ్వని తరంగాన్నంతా ఒకే వాల్వు మోసే) యాంప్లిఫయరు చానెల్‌కు సుమారు 8 వాట్లు ఇస్తుంది. సెన్సిటివిటీ (ఇచ్చిన విద్యుత్తుకు స్పీకరు ఎంత ధ్వని చేస్తుందో చెప్పే కొలత) 84 డెసిబెల్స్ ఉన్న స్పీకరుకు ఆ 8 వాట్లూ ధారపోస్తే ఎంత ధ్వని వస్తుందో, 94 డెసిబెల్స్ స్పీకరు 0.8 వాట్‌కే అంత ధ్వని ఇస్తుంది. మొదటి జోడీలో గాత్రం హాయిగానే వినబడుతుంది. తని ఆవర్తనంలో మృదంగం దెబ్బలు ఊపందుకోగానే యాంప్లిఫయరు చేతులెత్తేసి, నాదం నలిగిపోతుంది. చిన్న స్పీకర్లే ఉన్నవారికి ఇఎల్ 34 వాల్వులను జంటగా వాడే, 30 వాట్లకు పైగా ఇచ్చే పుష్ పుల్ యాంప్లిఫయరే మేలని నా గట్టి అభిప్రాయం.

ఇంపిడెన్స్ (విద్యుత్ ప్రవాహానికి స్పీకరు చూపే నిరోధం) సంగతి ఇంకా ముఖ్యం. వెనుక 8 ఓమ్‌లని రాసి ఉన్న స్పీకరు కొన్ని పౌనఃపున్యాల వద్ద 3 ఓమ్‌లకు దిగవచ్చు, బాస్ రెజొనెన్స్ (మంద్రంలో స్పీకరు తనంతట తాను ఎక్కువగా కంపించే పౌనఃపున్యం) దగ్గర 30 ఓమ్‌లు దాటవచ్చు. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పు దిద్దే ఏర్పాటు) లేని ట్రయోడ్ (300బి లాంటి మూడు ఎలక్ట్రోడ్ల వాల్వు) యాంప్లిఫయరుకు సొంత అవుట్‌పుట్ ఇంపిడెన్సే రెండు మూడు ఓమ్‌లు ఉండటం వల్ల, స్పీకరు ఇంపిడెన్స్ పెరిగినచోట ధ్వని పెరిగి, తగ్గినచోట తగ్గుతుంది. మృదంగం తొప్పి (మంద్రంగా పలికే వైపు) నాదం ఉబ్బినట్టు వినిపించేది అందుకే. యాంప్లిఫయరు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరుకు ఉన్న 4, 8 ఓమ్‌ల ట్యాపులు (స్పీకరు తీగలు తగిలించే చోట్లు) రెండింటినీ మార్చి చూసి, చెవికి నచ్చినది ఉంచుకోవాలి. స్పీకరు తీగలు తగిలించకుండా మాత్రం పాట పెట్టకూడదు, ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయే ప్రమాదముంది.

కాబట్టి ఆడియో సమీక్షలు ప్రచురించేటప్పుడు వాట్లతోపాటు స్పీకరు సెన్సిటివిటీని, కనిష్ఠ ఇంపిడెన్స్‌ను కూడా తప్పక ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. సెన్సిటివిటీని 2.83 వోల్టుల వద్ద కొలిచారా, ఒక వాట్ వద్ద కొలిచారా అన్నదీ తెలపాలి. 4 ఓమ్‌ల స్పీకరుకు 2.83 వోల్టులంటే రెండు వాట్లు కనుక, ఆ అంకెలోంచి 3 డెసిబెల్స్ తీసేసి చూసుకోవాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు, విజయవాడ