సోలార్ ప్యానెళ్లు తుడిచిన వారానికే మళ్ళీ తెల్ల మచ్చలా? మార్చి నుంచి మా పద్ధతి మారుస్తున్నాం

మా కస్టమర్లకు నమస్కారం.

ఈ చలికాలమంతా బెంగళూరులో వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు నుంచి ఒకటే ఫిర్యాదు: "డబ్బు తీసుకుని తుడిచి వెళ్తారు, వారం తిరక్కుండానే సోలార్ ప్యానెళ్ల మీద మళ్ళీ మచ్చలు." నిజమే. సగం తప్పు దుమ్ముది, సగం మాది.

దుమ్ము రేణువు పది రెట్లు చిన్నదైతే దాని బరువు వెయ్యి రెట్లు తగ్గుతుంది. అద్దాన్ని పట్టుకునే బలం మాత్రం సుమారు పది రెట్లే తగ్గుతుంది. అందుకే ఇసుక రేణువు జారిపోతుంది, 10 మైక్రాన్ల లోపు ఉండే సన్న దుమ్ము మాత్రం గాలి వీచినా కదలదు. మన వెంట్రుక మందం 70 మైక్రాన్ల దాకా ఉంటుంది, దాన్నిబట్టి ఊహించుకోండి.

అసలు అతుకు పడేది తెల్లవారుజామున. మబ్బు లేని రాత్రి అద్దం తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది, దాని మీద మంచు పడుతుంది. ఆ తడి రేణువు కిందికి పాకి, దుమ్ములోని ఉప్పులను కరిగిస్తుంది. ఎండెక్కాక నీరు ఆరిపోతుంది, ఉప్పులు రేణువుకూ అద్దానికీ మధ్య గట్టిపడతాయి. పక్కన అపార్ట్‌మెంట్ కడుతుంటే ఇక చెప్పక్కర్లేదు. సిమెంటు గట్టిపడటానికి కావలసింది తడే కదా.

ఇక మా తప్పులు. తొందరలో మా కుర్రాళ్లు పొడి గుడ్డతో రుద్దారు. దుమ్ములోని ఇసుక పలుకు అద్దం కంటే గట్టిది, గీతలు పడతాయి. కాంతి వెనక్కి కొట్టకుండా అద్దం మీద వేసే పూత మైక్రాన్‌లో పదో వంతు మందమే ఉంటుంది, అది అరుగుతుంది. రాపిడికి అద్దం విద్యుదావేశం పట్టి కొత్త దుమ్మును లాగుతుంది కూడా. రెండోది, పదకొండు గంటలకు కాలిన అద్దం మీద బోరు నీళ్లు పోశాం. నీళ్లు ఆవిరైపోయి సున్నం మిగిలింది. మీరు చూసిన మచ్చలు చాలావరకు అవే.

ఇకనుంచి పని ఉదయం 6 నుంచి 8:30 లోపే. ప్యానెల్‌కు రెండు లీటర్లు చల్లి ఐదు నిమిషాలు నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో పైనుంచి కిందికి తోమి, మరో రెండు లీటర్లతో కడిగి, రబ్బరు వైపర్‌తో లాగేస్తాం. ఆరు ప్యానెళ్లకు 24 లీటర్ల ఆర్వో నీళ్లు మేమే తెస్తాం, అందుకు 80 రూపాయలు అదనం. ఇంట్లో ఆర్వో మెషీన్ వదిలే వేస్టు నీళ్లు పట్టి ఉంచామంటారు కొందరు. మంచి ఉద్దేశమే, కానీ మెషీన్ ఆపిన ఉప్పులన్నీ వాటిలోనే ఉంటాయి. మేడ కడుక్కోండి, ప్యానెళ్లకు వద్దు.

కింది అంచు ఒకసారి వంగి చూడండి. ఫ్రేము అద్దం కంటే కాస్త ఎత్తుగా ఉంటుంది, నీళ్లు అక్కడ ఆగి బురద గీత కడుతుంది. ప్యానెల్‌లో కరెంటు పుట్టించే చిన్న పలకలను (సెల్స్) మూడు సర్క్యూట్లుగా కలుపుతారు, ఒక సెల్ మీద నీడ పడితే దాని సర్క్యూట్ అంతా తగ్గుతుంది. నిలువుగా బిగించిన పాతరకం ప్యానెల్‌లో ఆ కింది వరుస సెల్స్ మూడు సర్క్యూట్లలోనూ ఉంటాయి. వేలెడు గీత మొత్తం ప్యానెల్‌ను కుంగదీస్తుంది. ఇకపై ఆ అంచును విడిగా చిన్న బ్రష్‌తో తీస్తాం.

ఇప్పటికే ముదిరిన సున్నపు మచ్చలు పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేం. యాసిడ్ మాత్రం వాడం, ఎంత అడిగినా.

జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలనెలా మమ్మల్ని పిలవక్కర్లేదు, గట్టి వానే కడుగుతుంది. నెలవారీ ప్లాను డబ్బు వేసవికి మారుస్తాం. నాలుగు చినుకులు రాలి ఆగిపోయిన మర్నాడు, పిట్ట రెట్ట పడినప్పుడు మాత్రం ఫోన్ చేయండి.