ఇస్త్రీ పెట్టె ఎక్కని ఓడ

తెనాలి,
శుక్రవారం రాత్రి.

చి.ల.సౌ. చిన్నమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నిన్న ఫోన్లో మాట్లాడుతుండగానే నీకేదో మీటింగ్ వచ్చింది, నా మాట సగంలో ఆగిపోయింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. తమ్ముడు ఫోటో తీసి పంపుతాడు. మీ అత్తగారినీ మామగారినీ అలాస్కా ఓడ ఎక్కిస్తున్నావు, సంతోషం. "బట్టలు నలక్కుండా ఎలా నాన్నా?" అని నువ్వడిగితే నాకు నవ్వొచ్చింది. 38 ఏళ్ళు ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డవాణ్ణి, ఆ ఓడ మీద నేనే ఓడిపోయాను కదా.

పోయినేడు సియాటిల్ రేవులో నువ్వు పాస్‌పోర్టుల లైన్లో ముందున్నావు, ఇది నువ్వు చూడలేదు. నా సంచి మెషిన్‌లోంచి బయటికి రాగానే ఒకబ్బాయి పక్కకు పిలిచాడు. గుంటూరులో కొన్న చిన్న ఇస్త్రీ పెట్టె తీసి, చీటీ కట్టి, దిగేరోజు తీసుకోమన్నాడు. మీ అమ్మ ఒకటే నవ్వు. ఇస్త్రీ అన్న మాటే పోర్చుగీసువాళ్ళతో ఓడలో మనకొచ్చిందంటారు. మాట ఓడెక్కి రావచ్చు గానీ పెట్టె ఎక్కకూడదట!

ఆ రోజు కోపమొచ్చింది గానీ తర్వాత తెలుసుకుంటే వాళ్ళదే న్యాయం. 1998 జులైలో మయామీ నుంచి బయల్దేరిన ఎక్‌స్టసీ అనే ఓడలో లాండ్రీ గదిలోనే మంటలు లేచాయి. వెల్డింగ్ చేస్తుంటే బట్టల నూగు అంటుకుని, గాలి గొట్టాల్లోంచి మంట వెనక భాగం దాకా పాకింది. బొగ్గుల పెట్టె రోజుల్లో ఒక్క నిప్పురవ్వ ఎగిరి కరణంగారి పంచెకు బొక్క పడింది, ఆ డబ్బు కట్టడానికి నాకు రెండు నెలలు పట్టింది. నడిసముద్రంలో అయితే పరిగెత్తడానికి చోటేదీ? కాబట్టి ఇస్త్రీ పెట్టే, ఆవిరి పట్టే స్టీమరూ రెండూ ఇంట్లోనే వదిలేయి.

ముందు మీ ఓడ ఎవరిదో చూసుకో. ప్రిన్సెస్ వాళ్ళ ఓడల్లో చాలావాటిలో ప్రయాణికులే ఉతుక్కుని ఇస్త్రీ చేసుకునే గది ఉంటుంది. రాయల్ కరీబియన్‌లో అలాంటిది ఉండదు, డబ్బు కట్టి వాళ్ళకే ఇవ్వాలి. గది ఉన్నా, కోట్లు వేసుకుని భోజనానికి వెళ్ళే రోజు సాయంత్రం అక్కడ మన షాపు ముందు దసరాకి ఉన్నట్టే ఉంటుంది. పొద్దున్నే పని కానిచ్చుకో.

అసలు ముడత ఎందుకు పడుతుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది. నూలుకు తేమ తగిలితే దారం మెత్తబడుతుంది, ఏ రూపంలో ఆరితే ఆ రూపంలోనే బిగుసుకుంటుంది. నీళ్ళు చిలకరించి ఇస్త్రీ చేసేది అందుకే, తడికీ వేడికీ దారం లొంగుతుంది, సాపుగా ఉండగా ఆరిపోతుంది. సూట్‌కేసు పెట్టెలో అదే పని తిరగబడి జరుగుతుంది. చెమ్మగా ఉన్న బట్టను కుక్కి పెడితే నలిగిన మడతే నిలిచిపోతుంది. ఇస్త్రీ అయిన వెంటనే వేడి మీద సర్దినా అంతే. నువ్వెప్పుడూ చేసే తప్పు ఇదే! రాత్రి ఇస్త్రీ చేసి, హ్యాంగర్లకు తగిలించి, పొద్దున సర్దు.

నీ మంగళగిరి చీర, గంజి పెట్టినది, వద్దు. లినెన్ అసలే వద్దు, కూర్చుని లేస్తే చాలు. జార్జెట్, క్రేప్ అయితే నలిగినా నీకే తెలుస్తుంది, ఎదుటివాళ్ళకు తెలియదు. అల్లుడుగారి ఉన్ని కోటు ఒక రాత్రి వేలాడదీస్తే దానంతటదే సర్దుకుంటుంది. ఎలాగూ అలాస్కాలో ఓడ ఆగే కెచికన్ ఊళ్ళో వానలో తడవడానికి వానకోట్లే తిరుగుతాయి, వాటికి ఇస్త్రీ ఎవడడిగాడు!

జీన్స్, టీషర్టులు చుట్టి అడుగున పెట్టు. చొక్కాలకు మాత్రం డ్రైక్లీనింగ్ వాళ్ళిచ్చే పల్చటి పాలిథిన్ కవర్లు మధ్య మధ్యన వెయ్యి, బట్ట జారుతుంది గానీ నలగదు. పెట్టెలో మరీ ఖాళీ వదిలితే బట్టలు దొర్లి నలుగుతాయి, కుక్కితే అణిగి నలుగుతాయి.

పెద్ద పెట్టెలు రేవులోనే కూలీలు తీసుకుంటారు, గది తలుపు దగ్గరికి చేరేసరికి గంటలు పడుతుంది. ఆ రాత్రికి కావలసిన జత చేతి సంచిలో ఉంచుకో. పెట్టె రాగానే ముందు బట్టలు తీసి తగిలించు, ఓడంతా తర్వాత తిరగొచ్చు. గోడలు ఇనుప రేకువి కాబట్టి అయస్కాంతం కొక్కేలు పట్టుకుంటాయి, ఒక అరడజను పట్టుకెళ్ళు. బీరువా చిన్నది, హ్యాంగర్లు చాలవు.

ఇంకా ముడతలుంటే చిన్న స్ప్రే సీసాతో నీళ్ళు చిలకరించి, అరచేత్తో కిందికి సాగదీసి వదిలెయ్. వేడినీళ్ళు వదిలి బాత్రూమ్‌లో ఆవిరి పట్టమని అందరూ చెబుతారు. నేనూ చేశాను. ఆ బాత్రూమ్‌లో మనిషి తిరగడమే కష్టం, పైన ఫ్యాన్ ఆవిరినంతా లాగేస్తుంది. పని కొంతే అవుతుంది. పట్టుచీరకు మాత్రం ఆవిరీ వద్దు, నీళ్ళూ వద్దు, మరకలు పడతాయి.

చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, చివరిరోజు నా చొక్కా కాలర్ నీ జుట్టు సాగదీసే మెషిన్‌తో చేశాను. నీకు చెప్పలేదు. వేడి తగ్గించి, పలకల మీద నూనె జిడ్డు తుడిచి, కాలరూ చేతుల అంచులూ దాని మధ్య లాగితే బల్ల మీద చేసినట్టే వచ్చింది. జుట్టు మెషిన్లు చాలా ఓడల్లో రానిస్తారు, అయినా అడిగి వెళ్ళు. పని కాగానే ప్లగ్ తీసెయ్.

మీ అత్తగారి కోసం నువ్వడిగిన ఆకుపచ్చ ధర్మవరం రోలింగ్‌కి ఇచ్చి తెచ్చాను. పాత మడత మీద జరీ విరగడం మొదలైంది, అందుకని మడవకుండా అట్టగొట్టానికి చుట్టాను. పిన్ని కొడుకు వచ్చే నెలలో బయల్దేరుతున్నాడు, వాడి చేత పంపుతాను. గొట్టంతోనే ఓడెక్కించు. గొట్టం ఎందుకని రేవులో ఎవరైనా అడిగితే విప్పి చూపించు.

ఆశీస్సులతో,
మీ నాన్న